హాజరు పట్టీలో మా అన్న

పింఛను తీసుకునే ముసలివాళ్ళం ఏడాదికొకసారి బ్యాంకుకు వెళ్ళి, ఇంకా బతికే ఉన్నామని ఒప్పించి రావాలి. మొన్న వెళ్ళాను. కౌంటర్లో కొత్తమ్మాయి, చురుకైన పిల్ల. డబ్బీ లాంటి యంత్రాన్ని నా ముందుకు తోసి వేలు పెట్టమంది. పెట్టాను. ఎర్రదీపం వెలిగింది. చొక్కాకు తుడుచుకొని మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎరుపే. పది వేళ్ళూ అయిపోయాయి. చిన్నప్పటినుంచీ పేడ ఎత్తి, గడ్డి కోసి అరిగిపోయిన వేళ్ళు, వాటి మీద గీతలెక్కడ మిగులుతాయి? ఆ పిల్ల తెర వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇందుల ఉన్నాయనతోని మీరు కలుస్తలేరు తాతా. నర్సింహులు అంటే మీరేనా? తొంభై దాటినయని ఉన్నది, మీరేమో గంత లేరు" అని నవ్వింది.

నవ్వులాటకే అంది పాపం. నాకు మాత్రం నవ్వు రాలేదు. "నేనే" అన్నాను. ఒక జీవితమంతా చెబుతూ వచ్చిన జవాబే. అందులో సగమే నిజం. కంటిని చూసి గుర్తుపట్టే యంత్రం పై అంతస్తులో ఉందని, తెస్తానని ఆమె వెళ్ళింది. నేను గోడవారగా ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూచున్నాను. రెండోది ఖాళీగా ఉంది. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ ఖాళీ కుర్చీని చూస్తే ఏమనేదో నాకు తెలుసు. పై అంతస్తు నుంచి యంత్రం దిగి వచ్చేలోపు నేను ఉప్పుగూడకు వెళ్ళి వచ్చాను.

ఉప్పుగూడలో రైలు పట్టాలకు దగ్గరగా మా ఇల్లు. ఇల్లనడం మర్యాద కోసం. అయిదు బర్రెలుండేవి, వాటి పక్కన ఓ మూల మేముండేవాళ్ళం. తెల్లవారకముందే పేడ వాసన, నానబెట్టిన గానుగపిండి వాసన, పిడకల పొగ. మా బాపు మల్లయ్య పాల క్యాన్లు సైకిలుకు తగిలించుకొని ఛత్రినాక, దబీర్‌పురా దాకా తిరిగి పోసి వచ్చేవాడు. అవ్వ పాలు పిండేటప్పుడు మొదటి ధార ఎప్పుడూ చెంబులోకి కాదు, నేలమీదికి పోయేది. ఎవరికని అడిగితే "తాగెటోనికి" అనేది. అన్నానికి నన్నొక్కణ్ణే పిలిచేటప్పుడు కూడా "రాండ్రి బిడ్డా, తిందురు" అని ఇద్దరు ముగ్గురిని పిలిచినట్టు పిలిచేది. తల్లులందరూ పిల్లల్ని అట్లాగే పిలుస్తారనుకున్నాను. అటక మీద పాత గుడ్డలో చుట్టి ఒక తఖ్తీ ఉండేది. ఉర్దూ బడి పిల్లలు సుద్దమట్టి పూసి, రెల్లు కలంతో రాసి, మళ్ళీ కడుక్కునే చెక్కపలక అది. నాకు వేరే తఖ్తీ కొన్నారు గానీ దాన్ని ముట్టనివ్వలేదు. దాని మీద ఎవరో రాసిన నాలుగు అక్షరాలు కడగకుండా అట్లాగే ఉండేవి. నాలుగోది సగంలో ఆగిపోయింది.

నేను పుట్టిన రోజునే నన్ను పెంట మీద పడేశారు. కోపంతో కాదు, ప్రేమతోనే. నాకంటే ముందు పుట్టినవాడు ఆరో ఏట అమ్మవారు పోసి పోయాడు. అప్పుడు నేను అవ్వ కడుపులో ఉన్నాను. ముందు బిడ్డ పోయిన ఇంట్లో పుట్టినవాణ్ణి చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, తల్లి వాళ్ళకు గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది. వీడు ఈ ఇంటివాడు కాదు, పెంటమీద దొరికినవాడు, వీడికోసం రావద్దని చావును ఏమార్చడం. అందుకే పేరు పెంటయ్య. నన్నెత్తుకున్నది పక్కింటి బిస్మిల్లా బీ. నేను పిన్నిని పిలిచినట్టు ఖాలా అనేవాణ్ణి. ఆమె ఆ బేరాన్ని బతికినంత కాలం మరిచిపోలేదు. నేనేదన్నా తుంటరిపని చేసి అవ్వ చెయ్యెత్తితే గోడ మీది నుంచి తొంగిచూసి, "అరే, మేరా బేటా హై! తవుడు వాపస్ తీస్కో, పోరణ్ణి నాకిచ్చెయ్" అని లొల్లి పెట్టేది.

బాపు నన్ను బడికి తీసుకుపోయిన పొద్దు నాకింకా కళ్ళముందే ఉంది. దర్గా పక్కన చిన్న గది. బడి చెప్పే మున్షీ సాబ్ కళ్ళలో పాలు పోసినట్టు తెల్లటి పొరలు. ఆయన బాపును గొంతుతో గుర్తుపట్టి, చేత్తో నా తల తడిమి, "ఆ గయా నర్సింహులూ? ఇన్నిరోజులు యాడికి పోయినవ్ రా? బుఖార్ తగ్గిందా?" అన్నాడు. పాత పట్టీ తెరిచి, మొహం కాగితానికి ఆనించి, ఒకచోట వేలు పెట్టాడు. "నీ పేరు నేను కొట్టెయ్యలే. కూసో." నేను బాపు మొహంలోకి చూశాను. బాపు నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. ఆ పట్టీలో ఆ పేరు ఎదురుగా నేను పుట్టకముందే పడ్డ హాజరు గీతలున్నాయి. వాటి పక్కనే నాది పడింది. ఇంటికొచ్చేటప్పుడు బాపు ఒక్కటే మాట చెప్పాడు. "బడిల నర్సింహులువు. ఇంట్ల పెంటయ్యవు. రెండు కలపకు. అవ్వకు జెప్పకు." బడికి వేరే చొక్కా ఉన్నట్టు వేరే పేరుంటుందనుకున్నాను. ఆ పేరు చచ్చిపోయిన మా అన్నదని చాలా ఏళ్ళకు ఖాలా నోరు జారి చెప్పింది. అప్పటికి మున్షీ సాబ్ రాసిచ్చిన కాగితం మీద, అన్న పుట్టిన తేదీతో, నేను పెద్ద బడికి ఎక్కేశాను. కాగితం మీద నేను నాకంటే ఆరేళ్ళు పెద్దవాణ్ణి.

మా చదువు ఉర్దూలో మొదలైంది, నడుమ రాజ్యం మారింది, కాలేజీకి వచ్చేసరికి ఇంగ్లీషు నెత్తిన పడింది. మా ఇంట్లోనే కాదు, మా గల్లీలోనే కాలేజీ మొహం చూసిన మొదటివాణ్ణి నేను. పొద్దున్నే గడ్డి కోసేసి, చేతులు ఎంత రుద్దినా పోని వాసనతో, చార్మినార్ మీదుగా మూసీ దాటి నడిచిపోయేవాణ్ణి. మొదటి రోజు హాజరు పిలిచినప్పుడు అలవాటుకొద్దీ లేచి "హాజిర్, జనాబ్!" అని అరిచాను. క్లాసంతా విరగబడి నవ్వింది. నవ్వనివాడు మాధవుడొక్కడే. నది అవతల దఫ్తరు ఉద్యోగుల ఇంటి పిల్లవాడు, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు. తన పక్కన కూచోబెట్టుకొని "యస్ సర్" అనాలని నేర్పింది వాడే. ఎన్నిసార్లు అన్నా, ఆ పేరు పిలిచినప్పుడు నేను లేచే ముందు ఒక్క క్షణం ఆగేవాణ్ణి. ఇంకెవరన్నా లేస్తారేమోనని. నిజంగానే భయముండేది, దాచుకోవడమెందుకు!

పరీక్షలు దగ్గర పడ్డ రోజుల్లో నాకు జ్వరం తగిలింది. మూడు వారాలు విడవలేదు. వైద్యుడు తల గొరిగించమన్నాడు. అవ్వ ఇంకో పని చేసింది. నన్ను తీసుకుపోయి ఖాలా ఇంట్లో పడుకోబెట్టి, "నీ పోరణ్ణి నువ్వే ఉంచుకో. నాకు కొడుకులు లేరు" అని గట్టిగా, గల్లీకంతా వినబడేలా చెప్పి వెళ్ళిపోయింది. చావు మా ఇంటికొస్తే నేను దొరకకూడదు కదా! ఖాలా ఇంట్లో లోబాన్ సాంబ్రాణి పొగ మధ్య నాకు హాజరు పిలుపు వినబడేది. ముప్పై ఏడు, నర్సింహులు. లేవబోయేవాణ్ణి. నాకంటే ముందే ఎవరో చిన్నపిల్లవాడి గొంతుతో "హాజిర్" అనేవాళ్ళు. జ్వరమే అయ్యుండాలి. ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాను.

కాలేజీకి సెలవు చీటీ అనేదొకటి పంపాలని మా ఇంట్లో ఎవరికి తెలుసు? తగ్గిన మర్నాడు గుండుతో, ఖాలా రాసిన లోబాన్ బూడిద నుదుటి మీదుండగా బయలుదేరాను. మూసీ మీద పొగమంచు కమ్ముకొని వంతెన అవతలి కొస కనబడలేదు. కాలేజీ గేటు దగ్గర గంట కొట్టే బంట్రోతు నన్ను చూసి కొయ్యసుత్తి కింద పడేశాడు. వరండాలో ఎదురొచ్చిన ఇద్దరు గోడకతుక్కుపోయి నాకు దారిచ్చారు. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉంది. దాని మీద నా పేరుంది. టైపు కొట్టిన ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు చూడటం అదే మొదటిసారి. పేరు ముందు "డిమైజ్" అనే మాట, దానికి ముందు "శాడ్" అని ఉంది. విచారమని తెలుసు. రెండోది తెలియదు. ఫీజు మాఫీ రద్దయిందేమో, అందుకు విచారిస్తున్నారేమో అనుకున్నాను. లైబ్రరీకి పరుగెత్తి నిఘంటువు అడిగాను. లైబ్రరీ ఆయన కొత్తవాడు, నన్నెరగడు, ఇచ్చాడు. డి అక్షరం దగ్గర వేలు పెట్టి దిగుతూ వచ్చాను. మరణం అని ఉంది. మళ్ళీ చదివాను. మళ్ళీ అదే.

క్లాసులోకి పోయి నా జాగాలో కూచున్నాను. మాధవుడు నా ముంజేతి మీద రెండు వేళ్ళు పెట్టి చూశాడు, వెచ్చగా ఉందో లేదోనని. లెక్చరర్ తలెత్తకుండా హాజరు పిలుస్తున్నారు. ముప్పై ఆరు. ఆగారు. నా నంబరు దగ్గర అట్లా ఆగడం ఆయనకు అప్పటికే అలవాటైపోయినట్టుంది. ముప్పై ఎనిమిది అన్నారు. నేను లేచి "యస్ సర్" అన్నాను. ఆయన అప్పుడు తలెత్తారు.

"మీ ఇంటికి వచ్చాను నేను" అన్నాడు మాధవుడు, ప్రిన్సిపాల్ గది బయట నిలబడ్డప్పుడు. "రెండు వారాలుగా రాలేదని ఉప్పుగూడ స్టేషన్లో రైలు దిగి, పాల మల్లయ్యగారి ఇల్లని అడుక్కుంటూ వచ్చాను. మీ అమ్మగారే తలుపు తీశారు. నర్సింహులు ఉన్నాడా అండీ అన్నాను. లేడు, పోయిండు అన్నారు. ఏడుస్తున్నారు కూడా. నేనింకేం అడగను?" వాడు వచ్చి చెప్పడం, కాలేజీ అంతా రెండు నిమిషాలు లేచి నిలబడటం, గుమాస్తా ఎర్రసిరాతో నా పేరు కొట్టేయడం, అన్నీ పద్ధతిగా జరిగిపోయాయి.

ప్రిన్సిపాల్ పుస్తకాల తెలుగు మాట్లాడే మనిషి, కఠినుడు కాడు. కాగితాలు తిరగేసి, "ఇందులో ఉన్న నర్సింహులుకు ఇరవై మూడేళ్ళు. నువ్వు పదిహేడేళ్ళ పిల్లాడిలా ఉన్నావు. పైగా కన్నతల్లే చనిపోయాడని చెప్పింది. చనిపోయినవాడి చదువు నువ్వు చదవాలని చూస్తున్నావని ఎవరైనా అంటే నేనేం చెప్పాలి?" అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్కా లేదు. "పరీక్ష దరఖాస్తులు నాలుగు రోజుల్లో పోతాయి. పోయాడన్న తల్లే వచ్చి బతికున్నాడని చెబితే పేరు మళ్ళీ రాయిస్తాను. లేకపోతే ఈ కాగితాలు పనికిరావు."

అంటే నా చదువు మొత్తం పోయినట్టే. నాకు వేరే కాగితాలెక్కడివి? పెంటయ్య అనే మనిషి ఏ బడిలోనూ చదవలేదు.

ఇంటికొచ్చి చెప్పక తప్పలేదు. బాపు చింతపండు, బూడిద పెట్టి క్యాను తోముతున్నాడు. అవ్వ గడ్డి వేస్తోంది. నేను చెబుతుంటే ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. ముందు అవ్వ మాట్లాడింది. "మిట్టమధ్యానం వచ్చిండు బిడ్డా. తెల్లబట్టలు. నర్సింహులు ఉన్నడా అని అడిగిండు. నీకా జరమాయె. పెద్దోన్ని తీస్కపోయింది సాలక మల్ల వచ్చిండనుకున్న. లేడు, ఎప్పుడో పోయిండు, గీ ఇంట్ల ఎవ్వలు లేరు పో అన్న. మంచినీళ్ళిస్త అంటే తాగలే. ఇగ ఆడే అనుకున్న." పాపం మాధవుడు! మా ఇంటి నీళ్ళు తాగడానికి మొహమాటపడి యమదూత అయిపోయాడు. తర్వాత అవ్వ బాపు వైపు తిరిగింది. "గా పేరుతోని వీన్నెందుకు అడుగుతరు?"

బాపు క్యాను వైపే చూస్తూ చెప్పాడు. "మున్షీ సాబ్ వచ్చినవా నర్సింహులూ అన్నడు. ఆడు పోయిండు సాబ్, పేరు కొట్టెయ్యిండ్రి అని చెప్పాల్నంటే నా నోట్లకెల్లి రాలేదే. ఆడు ఉన్న జాగ గదొక్కటే ఉండె."

పిడుగు పడుతుందనుకున్నాను. అవ్వ నోరు చిన్నది కాదు. కాని ఆమె గడ్డిమోపు మీద కూలబడి, చాలా నెమ్మదిగా అడిగింది. "అంటే నా పెద్దోడు ఇన్నేండ్ల సంది బడికి పోతనే ఉన్నడా?" బాపు క్యాను పక్కకు పెట్టాడు. "నాకెందుకు జెప్పలే? పొద్దుగాల ఓ ముద్ద పెట్టి పంపకపోదునా?" ఆమె నా పక్కన, నా భుజానికి కాస్త పైన, ఎవరో నిలబడ్డట్టు చూస్తోంది.

వస్తానని మాత్రం అనలేదు. బతికినోణ్ణి పట్టుకొని ఆ పేరు తన నోటితో అంటే చావుకు ఆనవాలు చెప్పినట్టేనని ఆమె భయం. రెండు రోజులు పోయాయి. మూడోరోజు పోయింది. నేను అడగలేను, చదువు వదలలేను. చివరికి ఖాలాయే గోడ మీది నుంచి తీర్పు చెప్పింది. "చెప్పేసేయ్ మల్లమ్మా, ఫికర్ నక్కో. చావు వెతుక్కుంట వస్తే యాడికొస్తది? పోరడు ఎవరి సామాను? నాది. నా ఇంటికే వస్తది. రానీ, నేను చూస్కుంట దాని సంగతి."

నాలుగోరోజు పొద్దున అవ్వ తలంటుకొని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకొని, చంకలో గుడ్డ చుట్టిన మూట పెట్టుకొని నా వెంట నడిచింది. మూసీ దాటడం ఆమెకు అదే మొదలు. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ చూపిస్తే కూచోలేదు. మూట విప్పి బల్ల మీద పెట్టింది. అటక మీది తఖ్తీ. "బడి కాగితమంటే మా ఇంట్ల గిదొక్కటే ఉన్నది సార్. నర్సింహులు రాసిందే" అంది. ప్రిన్సిపాల్ ఆ నాలుగు అక్షరాల వైపు, సగంలో ఆగిన దాని వైపు చూశారు. ఏమర్థమైందో తెలియదు.

"ఇతనేనా అమ్మా, మీ అబ్బాయి నర్సింహులు?"

అవ్వ నా మొహంలోకి చూసింది. పదిహేడేళ్ళుగా ఆ పేరు ఆమె గొంతు దాటలేదు. "అవ్ సార్. నర్సింహులు. నా కొడుకే. ఉన్నడు, సావలే."

ఆయన కలం తీశారు. రాస్తూ, ఊరికే మాట కలపడానికి అడిగారు. "మీకు ఎంతమంది పిల్లలమ్మా?"

"ఇద్దరు పోరగాండ్లు సార్."

"రెండోవాడు ఏం చేస్తుంటాడు?"

"వీనితోనే చదువుతుండు" అంది అవ్వ.

కలం ఆగింది. ఆయన నా వైపు చూశారు, నా పక్కన ఖాళీ జాగా వైపు చూశారు, ఇంకేమీ అడగలేదు. గుమాస్తాను పిలిచి పేరు రాయమన్నారు. ఎర్రగీత కింద పాత పేరు అట్లాగే ఉండిపోయింది, కొత్తది అట్టడుగున పడింది. ఒకే పట్టీలో మేమిద్దరం.

ఆ సాయంత్రం అన్నం వడ్డించి అవ్వ పిలిచింది. "నర్సింహులూ, రా బిడ్డా." రాండ్రి అనలేదు. రా అంది. నేను కదలకుండా కూచున్నాను, ఎవరిని పిలిచిందోనని. మళ్ళీ అదే పేరుతో పిలిచింది. వెళ్ళి తిన్నాను. ఆమె బతికినంత కాలం నన్నింకో పేరుతో పిలవలేదు. పోయినవాడు దొరికాడన్న సంతోషం ఆమె మొహంలో చూశాక, మరి పెంటయ్య ఏడీ అవ్వా అని ఎట్లా అడగను? అడగనందుకు ఇప్పుడు ఏడుపొస్తుంది.

ఆ పరీక్ష పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, కాగితం వయసు లెక్కన ఆరేళ్ళు ముందే ఇంటికి పంపేశారు. మా మనవడి కాలేజీలో ఇప్పుడు హాజరు పిలవరట, గుమ్మం దగ్గర యంత్రం మొహం చూసి వేసుకుంటుందట. ఇంకొకడి పేరుతో ఎవడూ లోపలికి పోలేడని వాడు గొప్పగా చెప్పాడు. మంచిదే. మున్షీ సాబ్ కళ్ళు బాగుంటే నేను బర్రెల దగ్గరే ఉండేవాణ్ణి. కాని ఒక సంగతి నన్ను వదలదు. ఆరేళ్ళకే పోయిన మా అన్నకు డిగ్రీ ఉంది, పెళ్ళిపత్రిక ఉంది, ఓటు ఉంది, పింఛను ఉంది. బతికినవాడికి ఎక్కడా ఒక్క గీత లేదు. బాపు, అవ్వ, ఖాలా పోయాక పెంటయ్య అనేవాడు ఒకడుండేవాడని తెలిసినవాళ్ళే లేరు. అప్పుడప్పుడు అద్దంలో చూసుకుంటే, పోయింది ఎవరని నాకే అనుమానం వస్తుంది.

బ్యాంకు పిల్ల యంత్రం పట్టుకొచ్చింది. కన్ను పెద్దగా తెరవమంది. తెరిచాను. పచ్చదీపం వెలిగింది. "అయిపాయె తాతా! నర్సింహులు ఉన్నడు" అని సంబరంగా చప్పట్లు కొట్టింది. కాగితం చేతికిస్తూ, "ఒక్కరే వచ్చిండ్రా? తోడెవరన్న ఉన్నరా?" అని అడిగింది.

"ఉన్నడు బిడ్డా."

"ఎవలు?"

"పెంటయ్య" అన్నాను. ఎన్నేళ్ళకు ఆ పేరు గాలిలోకి వచ్చిందో! ఆమె నా పక్కనున్న ఖాళీ కుర్చీని చూసింది, తలుపు వైపు చూసింది, బయటెక్కడో నిలబడి ఉంటాడనుకుంది కాబోలు.

"సరే తాతా" అంది. "ఇద్దరు పైలంగ పోండ్రి."